సీటు దించిందెవరు

ఆమె వృత్తి పళ్లు చెయ్యడం. ఎవరడిగినా అలాగే చెప్పేది. "చెయ్యడమేమిటమ్మా, పళ్లు చెట్టుకి కదా కాస్తాయి" అని అవతలివాళ్లు తెల్లబోతే, పెదవి పైకెత్తి తన పంటి మీదే గోటితో టకటక కొట్టి చూపించేది. డెంటల్ ల్యాబులో కిటికీ పక్క బల్ల ఆమెది. ముక్కూ మొహం తెలియని మనుషుల దవడల అచ్చులు ముందు పెట్టుకుని, గులాబీరంగు మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టేది. పన్ను వెంట్రుకవాసి ఎత్తు పెరిగినా ఆ పళ్లు పెట్టుకున్నవాడు ముద్ద నమలలేడు. అందువల్ల వెంట్రుకవాసి తేడా కూడా ఆమె కంటికి గోడంత కనిపించేది.

ఆ కన్ను సాయంత్రం ల్యాబులో వదిలేసి వస్తే బాగుండేది. ఇంటికీ తెచ్చుకునేది. నూనె సీసాలో నూనె పొద్దున ఎంతవరకుందో, టీవీ రిమోటు ఏ వైపు తిరిగి ఉందో ఆమెకు గుర్తుండేది. గుర్తున్నది మారితే, ఎందుకు మారిందో తేలేదాకా మనసు నిలిచేది కాదు. భర్త బస్సు డిపోలో టైంకీపరు. "మా బస్సుల మీద కూడా ఇంత నిఘా లేదు" అని నవ్వేవాడు. భర్త అక్కగారు వాళ్లతోనే ఉండేది. ఆవిడ నవ్వేది కాదు. నూనె వాడితే, "ఇవాళ వేపుడికి రెండు గరిటెలు పట్టింది అమ్మాయ్" అని అడక్కముందే చెప్పేసేది.

మన పళ్లావిడకు ఒకటే సరదా, సైకిలు. మామూలు సైకిలు కాదు, ఫిక్సీ. దానికి గేర్లుండవు. వెనకచక్రం, పెడళ్లు కలిసే తిరుగుతాయి. మామూలు సైకిలు మీదలాగా కాళ్లు ఊరికే పెట్టుకుని జారిపోవడం కుదరదు. చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. ఆగాలంటే పెడళ్లను వెనక్కి అదిమిపట్టాలి. ఆమె దానికి బ్రేకు కూడా పెట్టించలేదు. పొద్దున్నే ల్యాబుకి పోతుంటే రోడ్డు గరుకు, ఎత్తు, పల్లం అన్నీ నేరుగా పిక్కల్లోకి తెలిసేవి. ఆ కాసేపు ఎవరి మీదా ఏ అనుమానమూ ఉండేది కాదు.

ఊళ్లో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఓ పదిమంది, ఆదివారం పొద్దున మూసి ఉన్న టోకు మార్కెట్టు ఆవరణలో కలిసేవాళ్లు. వాళ్లకి పెద్ద ఒక డ్రిల్లు మాస్టారు. అందరూ కెప్టెన్ అనేవాళ్లు. ఆమెకేమో వాళ్లు పెట్టిన పేరు పళ్లక్క. గొలుసు తిరిగే చక్రానికీ పళ్లే ఉంటాయి గనక ఆ పేరు రెండువిధాలా అతికింది. సైకిలు కదలకుండా రెండు చక్రాల మీదే నిలబెట్టే పందేలు, ఒకరి చక్రాలు ఇంకొకరు మెచ్చుకోవడాలు, ఎండ ముదిరేదాకా కబుర్లు. అదీ వాళ్ల లోకం.

ఆ గుంపులోకి ఒకాయన కొత్తగా వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పాత ఇనప ఫ్రేముతో తన సైకిలు తనే కట్టుకున్నాడు. మాట తక్కువ, అడిగితే మాత్రం అన్నీ పనికొచ్చే ప్రశ్నలే. "రాత్రిళ్లు బండి ఎక్కడ పెడతారు? కిందా, పైనా? తాళం ఏ రకం?" ఏం పని చేస్తుంటారని కెప్టెన్ అడిగితే, తాళాలు బాగుచేస్తాననీ, మారు తాళంచెవులు కోస్తాననీ చెప్పాడు. ఆ రోజు నుంచీ తాళాలాయన అయ్యాడు.

మొదట్లో అందరికీ ఉపయోగపడ్డాడు. పళ్లక్క ఉండే అపార్టుమెంటు సెల్లారులో, మెట్ల కింద ఒక స్టోరు గది ఉంది. ఆమె సైకిలు అక్కడ పెట్టేది. ఆ తలుపు తాళం బిగుసుకుపోతే కెప్టెన్ ఆయన్నే పంపాడు. ఆయన వచ్చి, తాళం విప్పి, నూనె వేసి, కొత్త తాళంచెవి కోసిచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే గుంపులో ఒక సైకిలు పోయింది. కొన్నాళ్లకి ఇంకోటి. రెండుసార్లూ తాళం కొయ్యలేదు, పగలగొట్టలేదు. రెండోసారైతే గొలుసుతాళం తీసి, చక్కగా చుట్టి, స్తంభం పక్కన పెట్టి మరీ పోయాడు దొంగ. ఆ ఆదివారం మార్కెట్టు ఆవరణలో చాలాసేపు ఎవరూ పందెం ఊసెత్తలేదు.

"దొంగ మన బళ్లు తెలిసినవాడే" అన్నాడు కెప్టెన్, అటూ ఇటూ చూస్తూ.

తాళాలాయన వంగి తన గొలుసుకి నూనె పెట్టుకుంటున్నాడు. తలెత్తలేదు. విననట్టు ఉన్నాడా, వినీ ఊరుకున్నాడా అన్నది పళ్లక్కకు అంతుపట్టలేదు. అంతుపట్టని విషయం ఆమెకు కంట్లో నలుసు.

మర్నాడు పొద్దున సైకిలెక్కి వీధి మలుపు కూడా తిరక్కముందే ఏదో తేడా తగిలింది. మోకాలు ఎప్పుడూ వంగేదానికంటే కాస్త ఎక్కువ వంగుతోంది. దిగి చూసింది. సీటు దిగి ఉంది. ఎంతో కాదు, గోరు మందం. ఇంకెవరైనా అయితే కాళ్లు బిగుసుకున్నాయిలే అనుకునేవాళ్లు. ఆమె అలా అనుకునే మనిషి కాదు. సీటు సరిచేసుకుని ల్యాబుకి వెళ్లిందిగానీ, ఆ రోజు ఒక ముసలాయన కింది పళ్ల వరుస రెండుసార్లు కరిగించి మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది.

సాయంత్రం భర్తని నిలదీసింది.

"నా సైకిలు ముట్టుకున్నారా?"

"నేనా? బ్రేకు లేని దాన్నెక్కి నేను బతికి దిగుతానా?"

"ఎవరికైనా తాళంచెవి ఇచ్చారా?"

"తాళంచెవి ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదే."

"వంటింటి తలుపు వెనక మేకుకి. రోజూ దాని పక్కనుంచే పోతారు."

"చూశావా, ఇప్పుడు తెలిసింది" అని భర్త పేపరులో తల దూర్చాడు. వదినగారు ఉతికిన బట్టలు మడతపెడుతూ, "సైకిళ్ల గొడవ నాకేం తెలుస్తుందమ్మా" అంది, తనని ఎవరూ ఏమీ అడక్కుండానే.

పళ్లక్క ఒక ఉపాయం చేసింది. ల్యాబునుంచి చిటికెడు మైనం తెచ్చి, సీటు కడ్డీ ఫ్రేములోకి దిగేచోట సన్నటి దారంలా అంటించింది. తెలిసి చూస్తే తప్ప కనపడదు. రెండు రోజులు చెక్కుచెదరలేదు. మూడో రోజు విరిగి ఉంది. హ్యాండిల్ చివర తెల్లగా సున్నం గీరుకుని ఉంది. ఆమె ఏ గోడకీ సైకిలు ఆనించదు. అంటే ఎవరో తీసుకెళుతున్నారు, తొక్కుతున్నారు, మళ్లీ తెచ్చి పెడుతున్నారు. ఎందుకు తెచ్చి పెడతారు? ఎత్తుకుపోవడానికి ముందు చూసుకుంటున్నారు. కొనేవాడికి చూపిస్తున్నారు. ఇలా ఒకదానికొకటి అతికించుకుంటూ పోతే అంతా చక్కగా అతికింది, దవడకి పళ్లు అతికినట్టు.

తలుపుకి కొత్త తాళం కొని వేసింది. ఒక తాళంచెవి తన దగ్గరే పెట్టుకుని, రెండోది బీరువాలో బట్టల మడతల అడుగున దాచింది. కొత్త మైనం అంటించింది. ఆ వారంలోనే అది మళ్లీ విరిగింది.

ఇక సందేహమేముంది? తాళం మార్చినా తెరిచేవాడు ఊళ్లో ఎంతమంది ఉంటారు?

ఆదివారం ఆమె అందరికంటే ముందే మార్కెట్టు ఆవరణకి చేరింది. గుంపు పోగయ్యేదాకా ఆగింది. తాళాలాయన వచ్చి సైకిలు దిగుతూ ఉండగానే ఎదురెళ్లింది.

"నా స్టోరు తాళం ఎన్నిసార్లు తీశారు మీరు?"

ఆయనకి అర్థం కాలేదు. "ఒకసారే కదా మేడమ్. ఆ రోజు కెప్టెన్‌గారు పంపితే..."

"కొత్త తాళం సంగతి అడుగుతున్నా."

"కొత్తది వేశారా? ఎందుకు, అది బాగానే పనిచేస్తోందిగా?"

"అమాయకంగా మాట్లాడకండి. నా సీటు దించుతున్నారు, ఎక్కుతున్నారు, మళ్లీ పెడుతున్నారు. మిగతా రెండు సైకిళ్లు ఎలా పోయాయో ఇక్కడ అందరికీ తెలుసు. పైకి అనలేకపోతున్నారంతే."

ఆయన అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. ఎవరైనా ఒక్కరు 'అదేంటక్కా' అంటారేమోనని ఎదురుచూసినట్టు చూశాడు. కెప్టెన్ మెడలో వేలాడుతున్న విజిలు సర్దుకున్నాడు. ఇంకొకడు టైరు నొక్కి చూసుకున్నాడు.

"తాళాలు తీసేవాణ్ణి ఎక్కడికెళ్లినా ఒకటికి రెండుసార్లు చూస్తారు మేడమ్. నాకది అలవాటే" అన్నాడాయన మెల్లగా. "ఇక్కడ నా బండిని చూస్తున్నారనుకున్నా."

సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆయన గేటు దాటాక అందరూ ఒక్కసారే మాట్లాడారు. "నాకు మొదట్నుంచీ డౌటే" అన్నవాళ్లే ఎక్కువమంది. పళ్లక్కకి గెలిచినట్టే అనిపించింది. ఇంటికి పోతుంటే మాత్రం, ఆయన మొహంలో భయం కనపడలేదేమా అన్న సంగతి పంటిసందున పీచులా ఇరుక్కుంది.

సోమవారం పొద్దున ఆమె సైకిలు తీసుకెళ్లలేదు. భయపడి కాదు, పట్టుకుందామని. మైనం కొత్తగా అంటించి, బస్సులో ల్యాబుకి వెళ్లి, మధ్యాహ్నం సెలవు పెట్టి తిరిగొచ్చింది. మెట్లమీదుగా పైకి వెళ్లకుండా నేరుగా సెల్లారులోకి దిగింది. ఆ వేళప్పుడు కార్లన్నీ బయటికి పోయి సెల్లారు ఖాళీగా ఉంటుంది. దిగుతుండగానే చప్పుడు వినిపించింది. గొలుసు చప్పుడు. తన గొలుసు చప్పుడే, ఎక్కడున్నా పోల్చుకోగలదు.

స్తంభం చాటున నిలబడి చూసింది. తాళాలాయన ఉంటాడు, పక్కన కొనేవాడు ఉంటాడు అనుకుంది.

సైకిలు మీద వదినగారు ఉంది.

ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, జుట్టు బిగించి ముడేసుకుని, పెదవి పంటికింద నొక్కిపట్టి, ఖాళీ సెల్లారులో స్తంభాల చుట్టూ తిరుగుతోంది. పడుతూ లేస్తూ కాదు, చక్కగా తొక్కుతోంది. మలుపు దగ్గర కాళ్లు అదిమి వేగం తగ్గించింది, మళ్లీ వదిలింది. ఆ కాళ్లకి ఆ పని ఎప్పట్నుంచో వచ్చినట్టుంది. రెండో మలుపు తిరగ్గానే మరదలు కనపడింది. అంతే, హ్యాండిల్ వంకర తిరిగి స్తంభానికి గీసుకుంది. సున్నం రాలింది. ఆవిడ ఒక కాలు దించి ఎలాగో నిలబడింది.

పళ్లక్క స్తంభం చాటునుంచి బయటికొచ్చింది.

"తాళంచెవి?" అంది పళ్లక్క. అంతకంటే ముందు అడగాల్సినవి ఎన్నో ఉన్నా, ఆమె నోటికి వచ్చింది అదే.

"నీ బట్టలు మడతపెట్టి బీరువాలో పెట్టేది నేనే కదమ్మా. ఎప్పుడూ మీరిద్దరూ పడుకున్నాక దిగేదాన్ని, ఇవాళ బండి ఇంట్లోనే ఉందని పగలే వచ్చా."

"అడిగితే ఇవ్వనా వదినా?"

"ఇస్తావు. కాదనవు. అదే భయం నాకు" అంది వదినగారు సైకిలు దిగుతూ. "ఇచ్చేసి, ఆనక వచ్చి సీటు చూసుకుంటావు, టైరు చూసుకుంటావు. నేనేం చెడగొట్టానో నాకు చెప్పవు కూడా. లోపలే పెట్టుకుంటావు. నూనె సంగతి నాకు తెలీదా ఏంటి?"

పళ్లక్క మొహం వేడెక్కింది. కోపమనుకుంది, కాదు.

"అసలిది ఎలా వచ్చింది మీకు? నాకే మూడు నెలలు పట్టింది ఆగడం నేర్చుకోవడానికి."

వదినగారు మొదటిసారి నవ్వింది. "కుట్టుమిషనూ ఇంతే కదా. చక్రం తిరుగుతుంటే కాలు తిరగాలి, ఆపాలంటే కాలు అదమాలి. జీవితమంతా కర్టెన్ల కంపెనీలో కూర్చుని అదే తొక్కాను. ఎంత తొక్కినా కూర్చున్నచోటే ఉన్నాను అమ్మాయ్. నువ్వు పొద్దున గేటు దాటి పోతుంటే బాల్కనీలోంచి చూసి, ఇదేదో తొక్కితే ముందుకి కూడా పోతుందే అనుకున్నా."

ఆ మాటకి పళ్లక్కకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా తాళాలాయన గుర్తొచ్చాడు. అలాగే సైకిలు పక్కన చతికిలబడింది. విషయమంతా వదినగారికి చెప్పింది. ఆవిడ వింటూ వింటూ చేత్తో నోరు మూసుకుంది.

"నలుగురిలో అన్నావా?"

"నలుగురిలోనే."

"అయితే నలుగురిలోనే చెప్పాలి మరి."

చెప్పింది. ఆదివారం గుంపు మధ్య నిలబడి, సీటు దించింది మా వదిన, ఆయన కాదు, నేను తప్పు మాట అన్నాను అని ఉన్నదున్నట్టు చెప్పింది. విన్నవాళ్లు అయ్యో అన్నారు. కెప్టెన్ మాత్రం, "సరేలే అక్కా, నీ సైకిలు ముట్టుకోలేదు, బాగుంది. మరి ఆ రెండూ ఎవరు తీసినట్టు?" అన్నాడు. గుంపులో చాలా తలలు ఊగాయి. తను ముట్టించింది తనతో ఆరేది కాదని పళ్లక్కకి అప్పుడు తెలిసింది. "నా మాట పట్టుకునేగా మీరంతా ఆయన్ని దొంగని చేశారు!" అని అరిచింది. వాళ్లు సర్దిచెప్పారు. సర్దిచెప్పేకొద్దీ ఆమెకి ఒళ్లు మండింది.

తాళాలాయన దుకాణం రెండు పెద్ద దుకాణాల నడుమ బీరువాలా ఇరుకుగా ఉంది. గోడంతా కొయ్యని తాళంచెవులు వేలాడుతున్నాయి. ఆమె వెళ్లేసరికి ఆయన ఎవరికో తాళంచెవి కోస్తున్నాడు. మిషను ఆగేదాకా నిలబడి, వచ్చినవాళ్లు వెళ్లాక జరిగింది చెప్పింది. ఆయన ఇత్తడి పొడి ఊదుకుంటూ విన్నాడు.

"అంటే ఇప్పుడు నేను దొంగని కానని నమ్ముతున్నారా?"

అవుననడానికి నోరు తెరిచింది. ఆ ఒక్క మాట వెంటనే రాలేదు. ఆయన వేళ్లవైపు చూపు పోయింది. ఆ రెండు సైకిళ్లూ, చక్కగా చుట్టిపెట్టిన గొలుసూ కళ్లముందు మెదిలాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మీరు నా సైకిలు ముట్టుకోలేదని తెలుసు. మిగతాది నాకు తెలీదు. తెలీకుండా అనకూడదు, అన్నాను. క్షమించమని అడగడానికొచ్చా."

ఆయన చిన్నగా తల పంకించాడు. "నమ్ముతున్నా అని ఉంటే షట్టరు దించేవాణ్ణి" అన్నాడు. "వెళ్లిరండి. ఆ గుంపులోకి మాత్రం నేను రాను."

రాలేదు కూడా. పోయిన సైకిళ్లు దొరకలేదు, తీసిందెవరో తేలలేదు. వదినగారు ఒక పాత సైకిలు సంపాదించి, ముందు బ్రేకు పెట్టించుకుంది. గుంపులో చేరమంటే, "ఆ మనిషిని పొమ్మన్నచోట నాకేం పని" అంది. అంతటితో ఊరుకోలేదు. ఒకరోజు తనే ఆ దుకాణానికి వెళ్లి, "సీటు దొంగని నేనేనండీ" అని పరిచయం చేసుకుందట. ఆయన పడీ పడీ నవ్వాడట. ఆ పైన ఆదివారాలు వాళ్లిద్దరూ ఊరి చివరి చెరువుకట్ట రోడ్డు మీద తొక్కడం మొదలుపెట్టారు.

పళ్లక్కకి ఇదొక కొత్త బాధ. వదినగారు ఎండకి ఎర్రబడ్డ మొహంతో, లోలోపల నవ్వుకుంటూ వచ్చేది. ఏం మాట్లాడుకుంటారు? తన గురించేనా? నూనె సీసా కథ కూడా చెప్పేసిందా? అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది.

"మీ అక్క దేనికి నవ్వుతున్నారో మీకేమైనా చెప్పారా?" అని భర్తనడిగింది.

"నవ్వుతోంది కదా, చాలదా?" అన్నాడు టైంకీపరు.

చాలలేదు. వరసగా కొన్ని ఆదివారాలు ఉగ్గబట్టుకుని, చివరికి ఒక పొద్దున గుంపుకి వెళ్లడం మానేసి, వదినగారి వెంటే బయల్దేరింది. వదినగారు వద్దనలేదు, రమ్మనలేదు. చెరువుకట్ట మొదట్లో తాళాలాయన సైకిలు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. పళ్లక్కని చూసి ఆయన మొహం కాస్త బిగుసుకుంది.

"గాలి ఎదురు కొడుతోంది. ముగ్గురం ఒక వరసలో పోవాలి" అన్నాడు, ఎవరినీ చూడకుండా. "ముందు ఎవరుంటారు?"

"తనుంటుంది. గట్టి కాళ్లు" అంది వదినగారు.

పళ్లక్క ముందుకొచ్చి తొక్కడం మొదలుపెట్టింది. గాలి మొహాన కొట్టింది. వెనక రెండు గొలుసుల చప్పుడు దగ్గరగా వస్తోంది. వాళ్లేదో మాట్లాడుకున్నారు. గాలిలో ఒక్క ముక్కా వినపడలేదు. వదినగారు ఫక్కున నవ్వింది, ఆ వెంటనే ఆయనా నవ్వాడు. తన సీటు గురించో, తన గురించో, అసలు తనకి సంబంధించనిదేదో. పళ్లక్క మెడ సగం వెనక్కి తిరగబోయింది. అంతలో రోడ్డు మీద గుంత కనపడింది. కాళ్లు అదిమి, వెనకవాళ్లకి తెలిసేలా చెయ్యి చాచి చూపించింది. "చూశాం, చూశాం" అన్నాయి వెనకనుంచి రెండు గొంతులు. ఆమె మళ్లీ వేగం అందుకుంది.